మూడో అంతస్తులో బాధితురాలు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో మొదటిది, ఇన్నేళ్ళ కాపురంలో మా ఇంట్లో ఒక్కసారైనా నిప్పంటుకోలేదని ఆయన లోలోపల బాధపడుతూ ఉండటం. పైకి అనరు. కానీ పోపు మాడి వంటింట్లోంచి పొగ వస్తే చాలు, హాల్లో కూర్చున్న మనిషి ముఖంలోకి ఒక కళ వస్తుంది. పేపరు మడిచి లేచేస్తారు. నేను స్టవ్ కట్టేసి, పోపేనండీ అంటే, ఓహో పోపేనా అని మళ్ళీ కూర్చుంటారు, ఖాయమనుకున్న సంబంధం తప్పిపోయిన పెళ్ళికొడుకులా.

పెళ్ళికి వెళితే వధూవరుల ముఖాలు చూడకముందే రెండో గుమ్మం ఎక్కడుందో చూస్తారు. అక్షింతలకి వరుసలో నిలబడి షామియానా గుడ్డని వేళ్ళతో నలిపి, ఇది ఇట్టే అంటుకుంటుందని పక్కనున్న ఆడపెళ్ళివారికి చెబుతారు. మా ఇంట్లో దేవుడి అలమర పక్కన మంటలార్పే ఎర్ర సిలిండరు గోడకు వేలాడుతూ ఉంటుంది. దసరాల్లో ఆయుధపూజనాడు దానికి బొట్టు పెట్టి బంతిపూల దండ వెయ్యాలి. ఒకసారి చుట్టాలావిడ ఒకరు అది మా ఇలవేల్పనుకుని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. నేను సరిదిద్దలేదు. ఆవిడ కోరిక తీరిందని తరవాత ఫోన్ కూడా చేసింది.

ఆయన పేరు అర్జునరావు. పుట్టింది భీమిలి, ఉద్యోగమంతా స్టీల్‌ప్లాంటు సేఫ్టీ విభాగంలో. హుద్‌హుద్ తుపాను ముందు ఉక్కునగరంలో మా సెక్టారంతా గాలే కదా అనుకుంటుంటే, ఈయన కిటికీలకు అడ్డచెక్కలు కొట్టి, ఇంట్లో ఉన్న బిందెలూ బకెట్లూ నింపి, చివరికి నా ఊరగాయ జాడీ కూడా కడిగి నీళ్ళు పోశారు. ఆ వారమంతా సెక్టారు మా ఇంటి నీళ్ళే తాగింది. ఇక అప్పట్నుంచి ఆయన మాటకి ఎదురు లేకుండా పోయింది. తుపాను ఊరికి చేసిన నష్టం ప్రభుత్వంవాళ్ళు వచ్చి రాసుకెళ్ళారు. నా సంసారానికి చేసింది రాసుకోవడానికి ఎవరూ రాలేదు.

ఇంకో ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పేస్తే మంచిది, ముందు ముందు దానితో పనుంది. ఆయనకి షుగరు. ఎక్కడికి వెళ్ళినా చక్కెర లేని టీ ఫ్లాస్కులో పోసి నా సంచిలో పెట్టుకోవాలి. ఎవరితోనో మాట్లాడుతూ మాట్లాడుతూనే కుడిచెయ్యి పక్కకి చాపుతారు. అందులో ఫ్లాస్కు మూత నిండా టీ వచ్చి చేరాలి. తిరిగి చూడరు. చూడాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

రిటైరయ్యాక ఊరుకుంటారనుకున్నాను. సబ్బవరం అవతల కొండ కింద కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు సేఫ్టీ ఆఫీసరుగా రమ్మన్నారు. జీతం, క్యాంపస్‌లో క్వార్టరు. ఏటేటా కొత్త ఆర్డరు ఇవ్వాలి. ఎత్తయిన భవనాలు, వేలమంది పిల్లలు, రసాయనాల లాబ్‌లు, హాస్టల్ వంటశాలలో పెద్ద పెద్ద గ్యాసు బండలు. ఎటు చూసినా ప్రమాదమే. ఆయన ముఖం చూస్తే పుష్కరాలకి వచ్చిన భక్తుడిలా ఉంది.

నాకే ఆ చోటు పడలేదు. ఉక్కునగరంలో సాయంత్రమయ్యేసరికి గుమ్మాల ముందు కుర్చీలు పడేవి. ఒకరి చిక్కుళ్ళు ఇంకొకరు ఒలిచేవాళ్ళం. ఇక్కడ క్వార్టర్లు పద్ధతిగానే కట్టారు గానీ వాటిలో మనుషులు లేరు. లెక్చరర్లంతా పొద్దున సిటీ నుంచి బస్సుల్లో వచ్చి, సాయంత్రం బస్సుల్లో వెళ్ళిపోతారు. చివరి బస్సు గేటు దాటాక ఇక కొండమీంచి గాలి, ఎక్కడో జనరేటరు. మా బ్లాకులో ఉండేది మేమిద్దరమే. ఆయన రౌండ్లకి వెళితే నేనొక్కదాన్నే. పక్క క్వార్టరు తలుపుకి వేసిన తాళాన్ని ఒకనాడు, ఏం, ఇవాళైనా వస్తున్నారా మీవాళ్ళు అని అడిగాను. అడిగాక అటూ ఇటూ చూశాను. ఎవరైనా విన్నారేమోనని భయపడి కాదు, వినే మనిషెవరైనా ఉంటే బాగుండునని.

ఇక్కడ అందరికీ నేను 'సేఫ్టీ సార్ గారి మేడం'ని. గౌరవంగానే అంటారు. మా ఆయన సంగతంటారా, వాళ్ళ ఇంట్లో మగవాళ్ళు భార్యల్ని నలుగురిలో పేరు పెట్టి పిలవరు. ఆయనకి నేను 'ఇదిగో'. పెళ్ళైన కొత్తలో సిగ్గనుకున్నాను. తరవాత అలవాటనుకున్నాను. ఈ మధ్య, పేరు మరిచిపోయి మొహమాటానికి అడగలేకపోతున్నారేమోనని అనుమానంగా ఉంది.

క్యాంపస్‌లో జరిగిన మొదటి మాక్ డ్రిల్‌కి, గాయపడిన మనిషికి బదులు ఇసుక నింపిన బియ్యం బస్తాని పెట్టారు. పిల్లలు దాన్ని మెట్ల మీంచి ఈడ్చుకొచ్చి చివరి మలుపులో కిందికి దొర్లించేశారు. ఆ రోజు ఆయన అన్నం ముందు కూర్చుని కలుపుకోకుండా, "మనిసైతే అలాగే దొర్లించేత్తారేటి?" అన్నారు. తరవాతి డ్రిల్‌లో ఒక కుర్రాణ్ణి పడుకోబెడితే వాడు చచ్చిపోయినవాడి వేషంలో కూడా నవ్వు ఆపుకోలేకపోయాడట. ఆ సాయంత్రం ఆయన చూపు నా మీద పడింది.

"ఇంటికాడ ఊరికే పడుకునుంటావు కదా, ఆ పడుకునేదేటో అక్కడికొచ్చి పడుకో" అన్నారు.

బి.ఎ. ఎకనామిక్స్ చదివినందుకు నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది.

అలా నేను ఆ యూనివర్సిటీకి ఆస్థాన బాధితురాలినయ్యాను. నెత్తురు కోసం బీట్‌రూట్ రసంలో కాస్త మైదా కలిపి నేనే కాచుకునేదాన్ని. మెడలో అట్టముక్క వేలాడదీసేవారు, కాలు విరిగింది అనో, స్పృహ లేదు అనో. ఒకసారి విరిగిన కాలికి దోమ కుట్టి గోక్కున్నాను. ఇంకోసారి స్పృహ లేకుండా ఉన్నప్పుడు ఫోన్ మోగితే తీసి, కూరగాయలబ్బాయితో దొండకాయలు లేతగా ఉంటేనే తెమ్మని చెప్పాను. మా ఆయన ఆ వేళంతా నాతో మాట్లాడలేదు. మామూలు రోజుల్లో మాట్లాడతారని కాదు గానీ, ఆ వేళ కావాలని మాట్లాడలేదు.

ఈ ఉద్యోగంలో నేను ఊహించని సుఖం ఒకటుంది. గాయపడిన మనిషితో మాట్లాడుతూనే ఉండాలని, నిద్రలోకి జారనివ్వకూడదని పిల్లలకి మా ఆయన నేర్పారు. ముందు చెయ్యి పట్టుకోవాలి, తరవాత పేరు అడగాలి. వాలంటీర్లకి పెద్ద ఖుష్నుమా అనే అమ్మాయి. పాతపట్నంలో వాళ్ళ నాన్నకి బట్టల కొట్టు. చల్లటి చేతులు ఆ పిల్లవి. మొదటిసారి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "ఆంటీ, నా మాట వినపడుతోందా? మీ పేరేంటి?" అంది.

క్యాంపస్‌కి వచ్చి ఏడాది దాటాక ఒకరు నా పేరు అడిగారు. చెప్పబోయి ఆగాను. చెప్పేస్తే తెలిసిపోతుంది, తెలిశాక మళ్ళీ అడగరు. అందుకని "పోతమ్మ" అన్నాను.

ఆ తరవాతి డ్రిల్‌లో నూకాలు అన్నాను. ఇంకోసారి మా అత్తగారి పేరు, సూర్యకాంతమ్మ అని చెప్పాను. ఆ పేరు మీద నలుగురు నన్ను భుజాలకెత్తి మోసుకెళుతుంటే, పాపం ఆవిడ ఉన్నంతకాలం నేను చెయ్యలేని సేవ చేసినట్టనిపించింది. ఆ కాసేపూ ఎవరో ఒకరు నా చెయ్యి వదిలేవారు కాదు. ఏం కూర వండారు, నొప్పిగా ఉందా, కాళ్ళు కదపగలరా అని అడుగుతూనే ఉండేవారు. కిందికి దించాక కట్లు విప్పి, థాంక్యూ ఆంటీ అనేసి బస్సులకేసి పరిగెత్తేవారు. నేను మెడలో అట్టముక్క తీసి సంచిలో పెట్టుకుని క్వార్టరుకి నడిచొచ్చేదాన్ని. పక్క తలుపు తాళం అలాగే ఉండేది.

ఈసారి డ్రిల్ వేరు. సేఫ్టీ పనంతా సిటీలోని ఏదో సెక్యూరిటీ కంపెనీకి అప్పగిస్తారని ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. వీసీ గారు ఈయన్ని పిలిచి, బయటినుంచి పరిశీలకులు వస్తున్నారు, డ్రిల్ బాగా జరిగిందని వాళ్ళు చెబితే ఈసారి మూడేళ్ళకి ఆర్డరు ఇస్తామని, లేకపోతే ఏం చెయ్యలేమని చెప్పారట. ఆర్డరు లేకపోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నాకు ఆ క్వార్టరు మీద మోజేమీ లేదు. కానీ డ్రిల్ ఈల వేసి నడిపించడానికి ఎవరూ లేని చోట మా ఆయన్ని ఊహించుకుంటే నాకే భయం వేసింది. పదవీ విరమణకీ ఈ ఉద్యోగానికీ మధ్య ఖాళీగా ఉన్న కొన్ని వారాల్లో మా వీధి కుక్కలకి కూడా అగ్నిప్రమాదాల మీద అవగాహన కల్పించారు.

డ్రిల్‌కి ముందు ఆయన తిండి తగ్గించేశారు. ఒకటే దిగులు, పిల్లలు డ్రిల్‌కి అలవాటుపడిపోయారని. నేనెప్పుడూ సైన్సు బ్లాకు మొదటి అంతస్తు మెట్ల దగ్గరే పడుకుంటాను. వాళ్ళు ఎక్కడా వెతకరు, సరాసరి నా దగ్గరికే వచ్చేస్తారు.

"ఈపాలి నిన్ను ఎక్కడెట్టానో ఎవులికీ తెలవకూడదు. ఖుష్నుమాక్కూడా. ఎతికి పట్టుకుంటేనే అది డ్రిల్లు" అన్నారు.

శనివారం మధ్యాహ్నం క్లాసులు నడుస్తుండగానే నన్ను వెనక మెట్ల మీంచి మూడో అంతస్తుకి తీసుకెళ్ళారు. కెమిస్ట్రీ లాబ్ చివర గాజుసామాను గది. అట్టపెట్టెలు, ఎండిపోయిన సింకు, గ్రౌండు వైపు ఒక కిటికీ. గాలాడతాదని అదే ఎంచారట. నేల మీద నా పాత చీర పరిచాను. మెడలో అట్టముక్క కట్టారు. నా ఫోన్ అడిగి తీసుకుని తన జేబులో వేసుకున్నారు, దొండకాయల సంగతి ఆయన మరిచిపోలేదు. ఆ కంగారులో సంచీ, అందులో ఫ్లాస్కూ నా దగ్గరే ఉండిపోయాయి.

గుమ్మం దగ్గర ఆగి, వేలు చూపించి, "ఎవులో ఒకలొచ్చి ఎత్తేదాకా లెగకు. బాధితులు తమంతట తాము లెగకూడదు" అన్నారు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

సైరన్ మోగింది. కింద ఎక్కడో పొగడబ్బా వెలిగించారు, ఆ వాసన పైదాకా వచ్చింది. బెంచీలు జరిగిన చప్పుడు, వందల అడుగుల చప్పుడు, పరిగెత్తకండి పరిగెత్తకండి అని మైకులో మా ఆయన గొంతు. ఆయనకి మైకు ఇస్తే పదేళ్ళు తగ్గుతాయి. నేను కళ్ళు మూసుకుని, ఈసారి ఏ పేరు చెప్పాలా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

వాలంటీర్లు వచ్చారు. లాబ్‌లోకి కూడా వచ్చారు. బల్లల కింద వెతికినట్టున్నారు, స్టూలు ఒకటి పడింది. నా తలుపు దాకా అడుగులు వచ్చి ఆగాయి. ఈ గదిలో చూశారా అని ఒక గొంతు. అది సామాన్ల గదిరా, అందులో ఎవరుంటారు అని ఇంకో గొంతు. మరి సార్ గారి మేడం ఏరీ అంటే, మొదటి అంతస్తులో లేరు కదా, ఈసారి రాలేదేమోలే అన్నాడు రెండోవాడు. అడుగులు వెళ్ళిపోయాయి.

నేను కదల్లేదు. మళ్ళీ వస్తారనుకున్నాను. ఖుష్నుమా వస్తుందనుకున్నాను. పొడుగ్గా ఈల వినపడింది. అందరూ క్షేమంగా బయటికొచ్చినప్పుడు వేసే ఈల అది. వెంటనే మైకు. భవనం ఖాళీ అయిందని, బాధితులందరినీ సురక్షితంగా తరలించామని మా ఆయన పుస్తకంలో ఉన్నట్టు చక్కటి తెలుగులో ప్రకటించారు. చప్పట్లు.

తప్పు ఎక్కడ జరిగిందో పడుకునే లెక్కకట్టాను, ఎకనామిక్స్ చదివాను కదా. పిల్లల్ని తరగతుల వారీగా లెక్కపెడతారు, ఉద్యోగుల్ని డిపార్టుమెంటు వారీగా. ఆ లెక్క సరిపోతే ఈల వేస్తారు. నేను ఏ తరగతిలోనూ లేను, ఏ డిపార్టుమెంటులోనూ లేను. నేను లోపల ఉన్నా, బయట ఉన్నా, అసలు పుట్టకపోయినా ఆ లెక్క సరిపోతుంది. నేనెక్కడున్నానో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరే. ఆయన మైకు పట్టుకుని ఉన్నారు.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. లేవకూడదని తెలుసు, కానీ బాధితురాలు కిటికీలోంచి చూడకూడదని ఆయన చెప్పలేదు. గ్రౌండులో షామియానా కింద పరిశీలకులు, వీసీ గారు, లెక్చరర్లు. పరిశీలకుల పెద్ద తిరుమలరావు గారు, తెల్లజుట్టు మనిషి, మా ఆయన చెయ్యి పట్టుకుని వదలకుండా ఊపుతున్నారు. వీసీ గారు భుజం తట్టారు. కొత్త ఆర్డరు ఖాయమైపోయిందని మూడో అంతస్తు దాకా తెలుస్తోంది. మా ఆయన ఛాతీ అంత విశాలమైనదని నాకు ఆ రోజుదాకా తెలియదు.

కింద కటకటాల గేటు లాగిన చప్పుడైంది. సెక్యూరిటీ పోలిరాజు బ్లాకుకి తాళం వేసి, తాళాలగుత్తి ఊపుకుంటూ షామియానా వైపు వెళ్ళాడు. శనివారం మధ్యాహ్నం. ఇక సోమవారం దాకా తియ్యరు.

అరవొచ్చు. కిటికీ తీసే ఉంది, గాలి కూడా అటే వీస్తోంది, వినపడేది. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. అరిచి పిలిపించుకుంటే దొరికినట్టు ఎలా అవుతుంది? ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన మాట ఒక్కటీ సరిగ్గా విన్న దాఖలా లేదు నాకు. ఈ ఒక్కటీ విందామనిపించింది. ఎవరో ఒకరు వచ్చి ఎత్తేదాకా లేవకూడదు. ఎవరూ రాకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు.

అట్టపెట్టె మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. పిల్లలకి సమోసా పొట్లాలు పంచారు. ఫొటోలు తీసుకున్నారు. బస్సులు ఒక్కొక్కటే స్టార్టు అవుతున్నాయి. కేటరింగ్ అబ్బాయి ట్రేలో టీ తెచ్చాడు. మా ఆయన తిరుమలరావు గారికి ఏదో చెబుతున్నారు, ఎడమచేత్తో భవనాన్ని చూపిస్తూ. చెబుతూ చెబుతూ, తిరిగి చూడకుండా, కుడిచెయ్యి పక్కకి చాపారు.

ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది. కాస్త ముడిచి, మళ్ళీ చాపారు. నా ఒళ్ళో ఫ్లాస్కు ఉంది. నిజం చెప్పొద్దూ, నా చెయ్యి దాని మూత మీదికి వెళ్ళింది.

పక్కనున్న కేటరింగ్ అబ్బాయి ఆ చేతిలో ట్రేలోని కప్పు పెట్టేశాడు. ఆయన చూడకుండానే అందుకుని, చూడకుండానే తాగారు.

అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది. మైకులో ఖాళీ అన్నప్పుడు రాలేదు, గేటు వేసినప్పుడు రాలేదు. ఆ చేతికి ఎవరు అందించినా ఒకటేనా అనుకునేసరికి వచ్చింది.

రెండో గుక్కకి ఆయన ఆగిపోయారు. కప్పులోకి చూశారు. చక్కెర. పక్కకి తిరిగి చూశారు, నేనెప్పుడూ నిలబడే చోటికి. అక్కడ కేటరింగ్ అబ్బాయి ఉన్నాడు. చొక్కా జేబు తడుముకున్నారు, అందులో నా ఫోన్ ఉంది. తరవాత మెల్లగా తల ఎత్తి మూడో అంతస్తు కిటికీ వైపు చూశారు. నేను పక్కకి తప్పుకున్నాను.

పరిగెత్తకూడదని ఊరందరికీ పాఠం చెప్పే మనిషి పరిగెత్తడం ఆ కిటికీ అంచులోంచి చూశాను. కప్పు ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు.

నేను వచ్చి చీర మీద పడుకుని కళ్ళు మూసుకున్నాను. అట్టముక్క సరిచేసుకున్నాను. గేటు తెరుచుకుంది, మెట్లమీద చెప్పుల చప్పుడు, వెనకే బూట్ల చప్పుడు. తలుపు తోసుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆ రొప్పు వింటే స్ట్రెచర్ ఆయనకే కావాలేమో అనిపించింది.

"ఇదిగో. ఇదిగో, లెగు."

నేను లేవలేదు. బాధితులు తమంతట తాము లేవకూడదని కళ్ళు మూసుకునే చెప్పాను.

ఆయన నేలమీద కూలబడ్డారు. వెనక నిలబడ్డ పోలిరాజుకి విషయం అర్థమైనట్టుంది. అతను మంచివాడే, మా ఆయనంటే ప్రాణం. గొంతు తగ్గించి, "సార్, ఇప్పుడేటీ అనకండి. ఎనక మెట్ల మీంచి మేడం గార్ని దింపేద్దాం. క్వార్టర్ కాడికి నాను తీసుకెళ్తాను. ఎవులికీ తెలవదు. ఆ పెద్దోలు సంతకాలెట్టీసి కారెక్కీడమే గదా" అన్నాడు.

నేను కళ్ళు తెరిచి ఆయన్ని చూశాను. తల దించుకుని, నా ఫోన్‌ని అటూ ఇటూ తిప్పుతున్నారు. నా కోపం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పోలిరాజు చెప్పింది బాగానే ఉందండీ, వెనక మెట్లు నాకు తెలుసు, మీరు ముందు దిగి వాళ్ళని పంపించేసి రండి అన్నాను. ఆట పట్టించడానికి కాదు, నిజంగానే అన్నాను. మూడేళ్ళ ఆర్డరు ఆయనకి ఎంతో నాకు తెలుసు.

ఫ్లాస్కు తీసి, మూతలో టీ పోసి ఇచ్చాను. అందుకున్నారు. ఈసారి నన్ను చూసి అందుకున్నారు. తాగలేదు.

"నిజంగా పొగొచ్చుంటే ఏటయ్యేది?" అన్నారు.



మూత కింద పెట్టి లేచారు. పోలిరాజుతో, స్ట్రెచరు పైకి పంపమను, వీసీ గారి కారు ఆపమను, తిరుమలరావు గారిని వెళ్ళొద్దని నేను చెప్పానని చెప్పు అన్నారు. పోలిరాజు, సార్, ఉజ్జోగం పోతాది సార్ అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. నా వైపు తిరిగి, లేవకు, వాళ్ళొస్తారు అని చెప్పి, ఈసారి నడిచే వెళ్ళారు.

ఖుష్నుమా పరిగెత్తుకొచ్చింది, వెనక ముగ్గురు పిల్లలు స్ట్రెచరుతో. తలుపు దాకా వచ్చి వెళ్ళిపోయిన గొంతులు రెండూ అందులో ఉన్నాయి, ఇప్పుడు జాగ్రత్తరా, తల దగ్గర పట్టుకో అంటున్నాయి. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. నా చెయ్యి పట్టుకుంది. ఎప్పటిలాగే చల్లటి చేతులు.

"సారీ ఆంటీ" అంది. తరవాత నియమం గుర్తొచ్చి, ముక్కు ఎగబీల్చి, "మీ పేరేంటి ఆంటీ? పోయినసారి సూర్యకాంతమ్మ అన్నారు. అంతకుముందు నూకాలు. మొదట్లో పోతమ్మ. ఈసారైనా అసలుది చెప్తారా, చెప్పరా?" అంది.

నన్నెవరూ వినడంలేదనుకుంటూ ఇన్నాళ్ళూ వేసిన వేషం ఈ పిల్ల దగ్గర మొదట్నుంచీ బయటపడిపోయిందన్నమాట. నాకు నవ్వొచ్చింది. ముందు కిందికి దింపండమ్మా అన్నాను.

మెట్లు దిగుతుంటే వాళ్ళు నన్ను ఎక్కడా కుదపలేదు, మలుపుల దగ్గర ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దించారు. బయటికొచ్చేసరికి ఎండ కళ్ళల్లో పడింది. బస్సులెక్కినవాళ్ళు మళ్ళీ దిగి నిలబడ్డారు. వీసీ గారు కారు తలుపు పట్టుకుని ఉన్నారు. తిరుమలరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ స్ట్రెచరు వైపు చూస్తున్నారు. మా ఆయన షామియానా కింద మైకు పట్టుకుని, ఈల మెడలోంచి తీసి బల్లమీద పెట్టారు.

"గౌరవనీయులైన అందరికీ నమస్కారం. ఇందాక నేను భవనం ఖాళీ అయిందని ప్రకటించాను" అని మొదలుపెట్టారు. అంతవరకే వచ్చింది ఆ తెలుగు. గొంతు సవరించుకున్నారు.

"ఖాళీ అవలేదు. మూడో అంతస్తులో ఒక మనిసి ఉండిపోనాది. ఆవిణ్ణి అక్కడెట్టింది నాను. ఎవులికీ సెప్పకుండా దాసింది నాను. పిల్లల తప్పేటీ లేదు. ఈల ఊదీముందు ఇంకా ఎవులైనా కనపడ్డం లేదా అని ఒక్కపాలి అడగాల. అడగలేదు."

తిరుమలరావు గారు కళ్ళజోడు పెట్టుకుని, లోపల ఉండిపోయింది ఎవరండీ అని అడిగారు.

మా ఆయన నా వైపు చూశారు. మేడం అంటారో, మా ఇంటావిడ అంటారో అని నేను ఎదురుచూశాను. ఆయన పెదవులు ఒకసారి ఊరికే కదిలాయి, అలవాటు లేని మాటని ముందు నోట్లో సరిచూసుకుంటున్నట్టు.

"మహేశ్వరి" అన్నారు మైకులో. "మహేశ్వరండీ. రాసుకోండి."

ఖుష్నుమా వేళ్ళు నా చేతి చుట్టూ బిగుసుకున్నాయి. ఆయన మైకు దించబోయి, మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నారు.

"తప్పు నాది."